కిటికీ దగ్గర కూర్చున్న బావగారికి

మంగళవారం, మధ్యాహ్నం
లాండ్రీ వెనక గది

గౌరవనీయులైన బావగారికి,

మీ మరదలు నమస్కరించి రాస్తున్నది. ఈ నమస్కారం మీ వయసుకు, మన వరసకు. అంతకు మించి అందులో ఏమీ వెతక్కండి. ఇక్కడ మేము క్షేమం. మీరు క్షేమమేనా అని అడగను. మీరు ఎన్నింటికి లేచారో, కాఫీ ఎలా కుదిరిందో, ఏ పుస్తకం మీ మనసును కలచివేసిందో ప్రతి ఆదివారం పత్రికలో సగం పేజీ వేస్తూనే ఉన్నారు. మీ క్షేమ సమాచారం ఊరందరికీ తెలుసు, నాకు తెలియదా?

మీ ఉత్తరం అందింది. అక్కను ఈ వారంలోనే పంపించమన్నారు. ఇల్లు బోసిపోయిందనీ, పత్రికవాళ్ళు తొందరపెడుతున్నారనీ ఒకే వాక్యంలో రాశారు. కాఫీపొడి డబ్బా ఎక్కడుందో కూడా అడిగారు. మామూలుగా అక్క ఇక్కడికి వచ్చినప్పుడు మీ ఉత్తరాలకు జవాబు తనే రాస్తుంది. ఈసారి నేను రాస్తున్నాను, ఎందుకో తరవాత చెబుతాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అన్నాడు మా ఆయన. ఫోన్ చేస్తే మీరు మాట్లాడతారు, నేను వినాలి. ఉత్తరమైతే మధ్యలో అడ్డుపడలేరు. అసలు జవాబు ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా ఊరించడం మీ విద్య, నాకు చేతకాదు. అక్కను పంపను. ఎందుకు పంపనో చెప్పడానికే మిగతా కాగితాలు. కాఫీపొడి పంచదార డబ్బా వెనకాల ఉంది.

మా ఆయన నడుము పట్టేసి మంచమెక్కితే, నాలుగు రోజులు మా లాండ్రీ కౌంటరు దగ్గర కూర్చుంటానని అక్క వచ్చింది. మీరు సంతోషంగా పంపారు. పంపిన మర్నాటి నుంచే విరహం మొదలైంది. మొన్న ఆదివారం మీ కాలమ్ "ఖాళీ కుర్చీ". వంటింట్లో ఆమె కుర్చీ మీద వాలిన ఎండ, ఆమె చేతి ముద్రలు మిగిలిన గాజు సీసాలు, ఇక ఎవరూ తిప్పని పేజీలు. ఆవిడ చెల్లెలింటికి వెళ్ళిందన్న ముక్క మాత్రం లేదు. సోమవారం పొద్దున్న మా వీధి చివరి మందుల షాపాయన ఇస్త్రీ చొక్కాలు తీసుకోవడానికి వచ్చి, ముందుగా నన్ను ఓదార్చాడు. మీ బావగారు చదివేవాళ్ళ చేత కన్నీళ్ళు పెట్టించారమ్మా, ఇంతకీ ఎలా జరిగిందని అడిగాడు. ఏం జరిగిందని నేను అడిగేలోపే అక్క లోపలి నుంచి హ్యాంగర్లు పట్టుకుని వచ్చింది. ఆ పెద్దమనిషి చొక్కాలు కౌంటరు మీదే వదిలేసి గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు బావగారూ. మనిషి బతికుండగానే సంతాపం అచ్చువేసుకోవడం మా ఇంటా వంటా లేదు.

ఇక మీ చదువు సంగతి. నిన్న ఫలానా నవల ఒక్క గుక్కలో చదివేశాను అని మీరు రాసినప్పుడల్లా మా ఆయన నవ్వుతాడు. ఆయనకు నవ్వొచ్చే విషయాలు చాలా తక్కువని మీకు తెలుసు. మీ పెళ్ళైన కొత్తలో మీ ఇంట్లో ఉండి చదువుకున్నదాన్ని, నాకు తెలియని భాగోతమా ఇది? మధ్యాహ్నం పని అయ్యాక అక్క వంటింటి కిటికీ దగ్గర కూర్చుని చదివేది. సాయంత్రం మీరు ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ, తరవాతేమైంది అని అడిగేవారు. నిన్న ఆగిన చోటు నుంచి ఆమె కథ చెప్పేది. నువ్వు చెబుతుంటే పుస్తకం కంటే బాగుంటుంది అనేవారు మీరు. ఆ మాటకు ఆమె మొహం ఎలా వెలిగేదో పక్కగదిలోంచి నేను చూశాను. మీరంటే అప్పట్లో నాకు ఇష్టం ఉండేది, దానికి కారణం ఆ సాయంత్రాలే.

తరవాత మీరు పత్రికకు రాయడం మొదలుపెట్టారు. రిటైరయ్యారు, కావలసినంత తీరిక దొరికింది, అయినా పుస్తకం మాత్రం పట్టలేదు. చదివేది ఆమె, చలించిపోయేది మీరు. వంటింట్లో ఆమె అన్న మాట ఆదివారానికి మీ ఆలోచన అయిపోతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, కనీసం ఆ అల్లుడికి అది అత్త సొమ్మని గుర్తుంటుంది. మీకు అదీ లేదు. పైగా కాలమ్ పేరు "కిటికీ దగ్గర". ఆ కిటికీ ఆమెది. తుడిచేదీ ఆమే.

ఆ మధ్య ఇద్దరు అన్నదమ్ముల నవల గురించి రాశారు. ఒకే ఇంటిని పంచుకుని మధ్యలో గోడ కట్టుకుంటారు, ఏళ్ళ తరబడి మాటలుండవు. చివర్లో తమ్ముడు గోడ పడగొట్టడు, తలుపూ పెట్టడు. ఒక్క ఇటుక ఊడదీసి ఆ కంతలో దీపం పెడతాడు, వెలుగు రెండు వైపులా పడుతుంది. ఇంత గొప్ప ముగింపు ఈ మధ్య కాలంలో చదవలేదన్నారు. అబద్ధమెందుకు, నాకూ నచ్చింది. కత్తిరించి కౌంటరు అద్దం కింద పెట్టుకున్నాను, వచ్చినవాళ్ళు చీటీ రాయించుకుంటూ అది చదువుతారు. ఆ వెంటనే ఎవరో బడిపంతులుగారు పత్రికకు ఉత్తరం రాశారు, తాను ఆ పుస్తకం చదివాననీ, అందులో ఇటుకా లేదు, దీపమూ లేదనీ. ఎంతో మర్యాదగా రాశాడాయన. మీరేమో పరీక్ష పేపర్లు దిద్దినట్టు కాదు, పుస్తకం కళ్ళు తెరిచి చదవాలి అని ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చేశారు. ఎవరి మాట నిజమో నాకు తెలియదు, ఆ నవల నేను చదవలేదు. మీరూ చదవలేదు. చదవని మనిషి చదివిన మనిషిని కళ్ళు తెరవమనడం నేనెక్కడా వినలేదు. గురివింద గింజ కూడా సిగ్గుపడుతుంది.

ఇంతలో ఒకావిడ పరదాల మూట తెచ్చింది, లేచి వెళ్ళాను. సిరా రంగు మారింది గమనించండి, ఆవిడ నా పెన్ను పట్టుకుపోయింది. కోపం మాత్రం పాతదే.

రాజకీయాల్లో మీరు గోడ మీద పిల్లి. ఎన్నికల ముందు మేయరుగారు చేతకానివాడన్నారు. ఆయన గెలిచి, సభలో మీకు ముందు వరసలో కుర్చీ వేయించాక దూరదృష్టి కలవాడన్నారు. కరెంటు ఆదా అంటూ ఆయన వీధి దీపాల్లో సగం ఆర్పేయిస్తే, మీరు "చీకటితో చెలిమి" అని రాశారు. ఇన్నేళ్ళ తరవాత నక్షత్రాలు కనిపిస్తున్నాయట, మనిషి తన నీడను మరిచిపోవడం నేర్చుకోవాలట. మీ ఇంటి ముందు దీపం ఆరలేదు కాబట్టి మీకు నక్షత్రాలు బాగానే కనిపించి ఉంటాయి. ఆరింది రొట్టెల దుకాణం మలుపులో దీపం. మీ కోసం రొట్టె తేవడానికి పొద్దుగూకే వేళ వెళ్ళి, అక్క అక్కడే మెట్టు కనపడక పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. అది కూడా మీకు పనికొచ్చింది. మా ఇంటావిడ చీకటితో ఇంకా చెలిమి చెయ్యలేదు, పోట్లాడి దెబ్బ తగిలించుకుంది అని చివరి పేరాలో చమత్కరించారు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. కాకి ఆకలికి పొడుస్తుంది, దాన్ని అర్థం చేసుకోగలను.

మా ఆయన ఇప్పుడే ఇంతవరకూ చదివి, వరసైన మనిషికి ఇంత ఘాటుగా రాయొద్దని, మెత్తగా నాలుగు ముక్కలు చాలని అన్నాడు. నడుము నొప్పి మనిషి, ఆయనకు అన్నీ మెత్తగానే కావాలి. మెత్తగా చెబితే మీకు చురుకు తగలదు, దున్నపోతు మీద వాన పడ్డట్టే. నేను ఇస్త్రీ పని చేసేదాన్ని, వేడి లేకుండా ముడతలు పోవని నాకు తెలుసు.

మీ రాతలన్నిట్లో నన్ను మండించింది చదువూ కాదు, రాజకీయమూ కాదు. మీ ఇంటి ముచ్చట్లు. కిందటి నెల "అలక ముదిరిన వేళ" అని రాశారు చూడండి. ఆ కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. మీ ఆవిడ ఈ మధ్య కాఫీలో పంచదార బదులు ఉప్పు వేస్తోందట. కప్పు నిండాక కూడా పోస్తూనే ఉంటోందట. చొక్కాకు గుండీ కుట్టమంటే మీ వేలికే సూది గుచ్చిందట. అన్నిటికంటే ముద్దొచ్చే సంగతి, మీతో మాట్లాడేటప్పుడు ఎదురుగా చూడకుండా మొహం పక్కకు తిప్పుకుంటోందట. పెళ్ళైన ఇన్నేళ్ళకు ఆడవాళ్ళ అలక ఇలా ముదురుతుంది కాబోలు, ఆ పక్కచూపులో ఇప్పటికీ ఒక కొత్తపెళ్ళికూతురు ఉందని ముగించారు. ఎంతమంది మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారో కూడా తరవాతి వారం రాశారు.

ఇప్పుడు మా దుకాణంలో జరిగింది వినండి. ఇక్కడ ప్రతి బట్టకూ ఒక గుడ్డ చీటీ గుచ్చుతాం, దాని మీద నంబరు ఉంటుంది. వచ్చినవాళ్ళ చేతిలో కాగితం చీటీ, దాని మీద అదే నంబరు. రెండూ కలిపి చూసి బట్టలివ్వడం, ఇంతకంటే పెద్ద శాస్త్రం లేదు. అక్క వచ్చిన రెండో రోజే వకీలుగారి నల్లకోటు పళ్ళ డాక్టరుకిచ్చి, పళ్ళ డాక్టరు కోటు వకీలుకిచ్చింది. వకీలు పొడగరి. మోచేతుల దాకానే వచ్చే కోటు చేతులతో జడ్జిగారి ముందు నిలబడి, వాయిదా పడ్డాక నేరుగా మా మీదకు వచ్చాడు. ఆయన్ని పంపేశాక నేను అక్క మీద విసుక్కున్నాను. ఆ గుడ్డ చీటీ ఆమె మొహం ముందు పెట్టి, ఏముందో చదవమన్నాను.

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

అలిగిందనుకున్నాను, మీలాగే. కానీ మొహం పక్కకు పెట్టి, కంటి కొస నుంచి ఆ చీటీ కోసం వెతుకుతోంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఆఖరికి వేలితో తడిమి, కుట్టు మాత్రం బాగుంది అంది. అది అలక కాదని అప్పుడు తెలిసింది. దుకాణం మూసి ఆమెను కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. ఆవిడ ఒక గళ్ళ కాగితం పట్టుకుని, నడుమ ఉన్న నల్లచుక్కను చూడమంది. చుక్క ఎక్కడుందని అడిగింది అక్క.

చూపు నడుమ భాగం పోయింది బావగారూ, చుట్టూ మాత్రం మిగిలింది. గుమ్మాలు, కుర్చీలు, మనుషుల ఆకారాలు తెలుస్తాయి. అక్షరాలు తెలియవు, మొహాలు తెలియవు. దేన్ని సూటిగా చూడాలనుకుంటే అదే మాయమవుతుంది, తల తిప్పితే కాస్త దొరుకుతుంది. పోయింది ఇక తిరిగి రాదట. మిగిలింది నిలబెట్టాలంటే కంట్లోకి ఇంజెక్షన్లు, వరసగా, ఆపకుండా. మొదటిది చేయించాం. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేది అంది డాక్టరు, ఇంట్లో ఎవరూ గమనించలేదా అని కూడా అడిగింది. ఇంట్లో ఒకాయన ఉన్నాడు, అన్నీ గమనిస్తాడు, గమనించి పత్రికకు రాస్తాడు అని చెప్పాలనిపించింది. చెప్పలేదు, అక్క పక్కనే ఉంది.

ఉప్పు, కప్పు, సూది, మెట్టు. ఒక్కటి వదలకుండా అన్నీ మీరే రాశారు. ఒక్కటి కూడా చూడలేదు. ఆ పక్కచూపు కొత్తపెళ్ళికూతురిది కాదు. మీ మొహం కనపడక, కనపడాలని ఆమె మొహం తిప్పుకుంది. అది తలచుకుంటే నాకు ఇప్పుడు కూడా ఏడుపొస్తోంది, ఆ ఏడుపు మీ మీద కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టడం లేదు.

ఆ చూపుతో ఇన్నాళ్ళూ ఆ నవలలన్నీ ఎలా చదివి మీకు చెప్పిందో నాకు అర్థం కావడం లేదు. భూతద్దం పట్టుకుని కూర్చుని ఉంటుంది. అడిగితే మాట దాటేసింది. మీకు ఎందుకు చెప్పలేదని అడిగితే మాత్రం సూటిగా జవాబిచ్చింది. చెబితే ఆదివారానికల్లా అచ్చులో ఉంటుంది అంది. పోతున్నవి నా కళ్ళు, ఊరందరూ చదివి అయ్యో అన్నాక గానీ నేను ఏడవడానికి వీలుండదు అంది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి మీ గురించి అనుకుంటున్నది ఇది. నేనేమీ కలపలేదు, కలపడం నాకు రాదు.

అందుకే పంపను. ఇక్కడ ఆమెకు పనుంది. బట్ట ముట్టుకుని నూలో ఊలో చెప్పేస్తుంది, వచ్చినవాళ్ళ గొంతు విని ఎవరో చెప్పేస్తుంది, నంబర్లు నేను చూసుకుంటాను. మీ ఇంటికొస్తే ఆమె మళ్ళీ ఆ కిటికీ దగ్గర కూర్చోవాలి, మీరు సాయంత్రం తరవాతేమైంది అనాలి, ఆమె మీకోసం ఉన్న కాస్త చూపూ ఆ పేజీల మీద పారబోయాలి. మీకు కథలు చెప్పేవాళ్ళు కావాలంటే రేడియో ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మీరు రచ్చ గెలిచేశారు, ఇంటి సంగతి ఇప్పటికి వదిలెయ్యండి.

ఒక హెచ్చరిక కూడా. ఈ ఉత్తరంలోని ఒక్క మాట మీ కాలమ్‌లో కనిపించినా, "మసకబారిన దీపాలు" లాంటి పేరుతో ఏదైనా వచ్చినా, తరవాతి ఆదివారం నేను పత్రికకు రాస్తాను. నాకు మీ శైలి లేదు. బూట్లు విప్పుకుంటూ కథ వినే మనిషి గురించి రాయడానికి శైలి అక్కర్లేదు.

ఇట్లు,
వరసకు మాత్రమే మీ మరదలు

తా.క.: మడిచే ముందు ఈ ఉత్తరం మొత్తం అక్కకు చదివి వినిపించాను. మనిషికి తెలియకుండా మనిషి గురించి రాసి పంపడం మీ పద్ధతి, నాది కాదు. ఏదీ కొట్టెయ్యమనలేదు. చివర తన మాటలు కూడా రాయమంది. కింద ఉన్నది ఆమె చెప్పింది చెప్పినట్టు. నాకు ఇష్టం లేకుండానే రాస్తున్నాను.

ఏమండీ, ఆ పంతులుగారి మాటే నిజమై ఉంటుంది. భూతద్దమేమీ లేదు. ఆ అన్నదమ్ముల పుస్తకం నేను గోడ కట్టడం పూర్తయ్యేదాకానే చదివాను. ఆ పైన అక్షరాలు నిలబడలేదు. ఆ సాయంత్రం మీరు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తరవాతేమైంది అన్నారు. రోజు మొత్తంలో మీరు నా ఎదురుగా కూర్చుని నన్ను ఏదైనా అడిగేది అప్పుడే. ఇక చదవలేనంటే ఆ కాసేపు కూడా పోతుందని భయమేసింది. అందుకని నోటికొచ్చింది చెప్పాను. ఇటుక నాది, దీపమూ నాదే. ఆ తరవాత మీరు కాలమ్‌లో రాసిన పుస్తకాలన్నిటికీ ముగింపులు నావే. చప్పగా ఉందని మీరు తీసిపారేసిన ఆ రైలు గార్డు కథ కూడా. ఆ రోజు నాకు తలనొప్పిగా ఉంది.

పంతులుగారికి క్షమాపణ చెప్పండి, అచ్చులోనే. నా కళ్ళ గురించి రాయకండి.

నన్ను తీసుకెళ్ళడానికి రావొద్దు. రావాలనిపిస్తే ఆ పుస్తకం పట్టుకుని రండి. నీలం అట్ట, వంటింటి కిటికీ గట్టు మీద రేడియో కింద ఉంది. గోడ పూర్తయిన చోట బస్సు టికెట్టు పెట్టాను. ఇక్కడ లాండ్రీ వెనక గదిలో రెండు కుర్చీలున్నాయి. టికెట్టు ఉన్న పేజీ నుంచి చివరిదాకా మీరు పైకి చదవాలి, ఉన్నది ఉన్నట్టు, మీ మాటలు కలపకుండా. నేను బూట్లు వేసుకోను కాబట్టి విప్పే పని లేదు, ఊరికే కూర్చుంటాను. తరవాతేమైందని ఈసారి నేను అడుగుతాను.